మసాజ్ థెరపీకి చేతి బలం చాలదు

[టేబుల్ మీద వెడల్పాటి పళ్లెం, అందులో చపాతీ పిండి]

నమస్కారం అండి. "చేతుల్లో బలం ఉంటే మసాజ్ ఎవరైనా చేస్తారు, దానికి కోర్సు ఎందుకు?" ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఇవాళ పిండి కలిపి తెచ్చాను.

చూడండి, బొటనవేళ్లతో పిసుకుతుంటే కాసేపటికే వేళ్లు లాగేస్తాయి. అదే పళ్లెం కింద పెట్టి, ఒంటి బరువు అరచేతుల మీదకు వాల్చితే? పెళ్లింట్లో పది కిలోల పిండి కలిపే ఆవిడ చేసేది ఇదే. మంచి మసాజ్ క్లాసులో కూడా టేబుల్ ఎత్తు, నిలబడే తీరు, బరువు వాల్చడం దగ్గరుండి నేర్పిస్తారు. అవి రాకపోతే బొటనవేళ్లు, మణికట్లు పాడై పని మానుకోవాల్సి రావచ్చు. స్వీడిష్ మసాజ్‌లో పెట్రిసాజ్ అనే పద్ధతి ఉంది. ఆ పేరు పుట్టిందే పిండి పిసకడం అనే ఫ్రెంచి మాట నుంచి!

[పిండిని వేలితో గట్టిగా నొక్కుతూ]

పిండిని ఎక్కడ నొక్కినా ఏమీ కాదు. మనిషికి మెడ ముందు భాగంలో, చంకలో, మోకాలి వెనక గుంటలో నరాలు, రక్తనాళాలు పైపైనే ఉంటాయి. అక్కడ ఇలా నొక్కకూడదు.

రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చినాయన పిక్క నొప్పి అంటాడు. చూస్తే ఆ ఒక్క కాలే వాచి, వేడిగా ఉంది. బలమే నమ్ముకున్నవాడు నూనె రాసి పిసికేస్తాడు. చదువుకున్నవాడు చెయ్యి వేయకుండా వెంటనే ఆసుపత్రికి పంపిస్తాడు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణం మీదికి రావచ్చు. ఎప్పుడు ముట్టుకోకూడదో తెలియడమే నా దృష్టిలో ఈ వృత్తిలో సగం చదువు.

ఇంకోటి, పిండి "ఆపు" అనదు. మనిషి నోటితో అనకపోయినా ఒళ్లు బిగుసుకుంటుంది, అది గమనించాలి. ఒంటి మీద కప్పిన దుప్పటి ఎంతవరకు తీస్తారో ముందే చెప్పి, ఒప్పుకున్నాకే చెయ్యి వేయాలి. ఈ పాఠం చెప్పని చోట చేరకండి, ఫీజు ఎంత తక్కువైనా సరే.

టైమ్ అయిపోతోంది, అర్హతలు గబగబా చెప్పేస్తాను. మసాజ్ థెరపిస్టులకు మన దేశమంతటా చెల్లే లైసెన్స్ పరీక్ష అంటూ లేదు. స్పా ఉద్యోగానికి బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ సర్టిఫికెట్ ఉంది. ఆయుర్వేదం వైపు ఇష్టమైతే పంచకర్మ టెక్నీషియన్ కోర్సు చూడండి. ఫిజియోథెరపీ పూర్తిగా వేరే డిగ్రీ. మసాజ్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ఫిజియోథెరపిస్ట్ అని బోర్డు పెట్టడం తప్పు.

అమెరికాలో మసాజ్ లైసెన్స్‌కు ఏం కావాలని డాలస్ నుంచి అడిగిన చెల్లెమ్మా, టెక్సాస్‌లో 500 గంటల శిక్షణ కావాలి. ఆపైన ఎంబ్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష, 100 ప్రశ్నలు. ఎప్పుడు మసాజ్ చేయకూడదన్నది అందులోనూ అడుగుతారు. న్యూయార్క్‌కు మారితే 1000 గంటలు. కాబట్టి ఏ రాష్ట్రంలో ఉంటారో తేల్చుకుని ఫీజు కట్టమ్మా.

ఎక్కడ చేరినా ముందు ఇది అడగండి: టీచర్ పక్కనే ఉండి, మనుషుల మీద ఎన్ని గంటలు చేయిస్తారు? సూటిగా ఒక అంకె చెప్పలేకపోతే ఇంకో సంస్థ చూసుకోండి.