ఎక్స్‌రే వదలకుండా తీసిన బొమ్మ

అందరికీ నమస్కారం. నేను లెక్చరర్‌ని కాను. శ్రీకాకుళం, టెక్కలి, పలాస చుట్టుపక్కల ఎక్స్‌రే మిషన్లు బాగుచేస్తుంటాను. మీ ఫిజిక్స్ సారు రమ్మంటే వచ్చాను.

మీ ఫోన్ కెమెరాలో సెన్సర్ గోరంత. ఛాతీ ఎక్స్‌రే తీసే పలక 43 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఎందుకంత? ఫోన్లో లెన్స్ ఉంది, కొండనైనా గోరంతకి కుదిస్తుంది. ఆసుపత్రి ఎక్స్‌రేలను అలా కుదించే లెన్స్ లేదు. పలక మీద పడేది మనిషి నీడ, కాబట్టి ఛాతీ ఎంతుంటే పలకా అంతుండాలి. ధర సంగతి అడక్కండి. అది నా చేతిలో ఉన్నంతసేపూ టెన్షనే.

1895లో ఎక్స్‌రేలని కనిపెట్టిన రాంట్‌జెన్ తన భార్య చేతి ఎముకల్ని ఫొటో ప్లేటు మీద పట్టాడు. ఆ తర్వాత దాదాపు నూరేళ్లు చీకటి గదుల్లో ఫిలిం కడుగుతూనే గడిచాయి. ఇప్పటి పలకల్లో చాలావాటికి సీజియం అయొడైడ్ పూత ఉంటుంది. సూదుల్లా నిలబడిన స్ఫటికాలవి. ఎక్స్‌రే తగిలితే మెరుస్తాయి. ఆ వెలుగు పక్కకి చెదరకుండా సూది వెంటే దిగుతుంది. దాన్ని కిందున్న సిలికాన్ కరెంటుగా మారుస్తుంది. ఎక్స్‌రేని నేరుగా ఆ పల్చటి సిలికాన్ మీదికే వదిలితే చాలామటుకు దాటిపోతుంది.

ఒక వేసవిలో ఒక ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఏ పేషెంటుకి తీసినా ఊపిరితిత్తుల మీద ఇసక చల్లినట్టుందట. టెక్నీషియన్ కుర్రాడు బెంబేలెత్తిపోయాడు. వెళ్లి చూస్తే ఏసీ పనిచెయ్యడం లేదు, పలక వేడెక్కి ఉంది. ఎక్స్‌రే వదలకుండా ఒక ఖాళీ బొమ్మ తీయించాను. అందులోనూ అదే ఇసక! వేడికి ప్రతి పిక్సెల్లోనూ కాస్త కరెంటు కారుతుంది, ఒక్కోదాంట్లో ఒక్కోలా. గది చల్లబరిచి, కొత్తగా తీసిన ఖాళీ బొమ్మని అసలు బొమ్మలోంచి తీసివేయించాను. ఇసక పోయింది.

వెలుగుకి బదులు ఎలక్ట్రాన్లతో చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుది ఇంకో తంటా. 3 లక్షల వోల్టులతో దూసుకొచ్చే ఎలక్ట్రాన్లు తగిలితే మామూలు సీసీడీ చిప్పు, అంటే పాత డిజిటల్ కెమెరాల్లో ఉండే రకం సెన్సర్, పాడవుతుంది. అందుకని అక్కడా ముందు వెలుగుగా మార్చేవారు. దాంతో చుక్క కాస్తా మరకయ్యేది. పోనీ ఎక్కువ ఎలక్ట్రాన్లు వదులుదామంటే, చూడ్డానికని మంచుపొరలో ఉంచిన ప్రోటీన్ వాటి దెబ్బకే చితికిపోతుంది. ఉన్న కొద్దిపాటి ఎలక్ట్రాన్లనీ ఒక్కటి పోకుండా పట్టాలి. అందుకు ఆ దెబ్బకి తట్టుకునేలా చేసిన సీమాస్ చిప్పుని (మీ ఫోన్ కెమెరాలో సెన్సర్ ఈ జాతిదే) బాగా పల్చగా అరగదీశారు. ఎలక్ట్రాన్ దాంట్లోంచి దూసుకుపోతూ గుర్తు వదిలి వెళ్తుంది, వెనక్కి చెదిరి రెండో గుర్తు పెట్టడం తగ్గుతుంది. కెమెరా ఒక్కోదాన్నీ లెక్కపెడుతుంది.

రథసప్తమినాడు అరసవల్లి గేటు దగ్గర జనాన్ని లెక్కపెట్టమన్నారనుకోండి. ఒక్కొక్కరే వస్తే లెక్క తప్పదు. ఇద్దరు కలిసి దూరితే ఒకరనే రాస్తాం. ఇక్కడా అంతే. అందుకే ఎలక్ట్రాన్లను పల్చగా వదులుతారు, కెమెరా సెకనుకి వందల ఫ్రేములు చదువుతుంది. ఇందులో ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. ఎలక్ట్రాన్ల తాకిడికి నమూనా కొంచెం కదులుతుంది కదా, ఫ్రేముల్ని జరిపి ఒకదానిమీద ఒకటి సరిపెడితే ఆ మసక పోతుంది. 2017లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన హెండర్సన్ ఇలాంటి కెమెరాల కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టినవాడే.

ఈ బల్ల మీదున్నది ఎవరో కింద పడేసిన పలక. విప్పుతాను, దగ్గరికి రండి. ఆ తెల్లటి పూతని మాత్రం ముట్టుకోకండి.