బరంపురంలో మా ఇంటి మటన్ కూర, ఆవనూనె ఆలుముక్కలతో

హాయ్ అండీ, ఈసారి దుబాయ్ కిచెన్ కాదు, బరంపురంలో అమ్మావాళ్ళింట్లో ఉన్నా. మీది ఒడిశా కదా తెలుగెలా వచ్చు అని దుబాయ్‌లో చాలామంది అడుగుతుంటారు, 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేదాకా మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదండీ, ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, మటన్ కూరలో మాత్రం రెండూ.

ఆదివారం కదా, లేటైతే మంచి ముక్క మిగలదని నాన్న పొద్దున్నే వెళ్ళిపోయారు. షాపతనితో ఒడియాలో కబుర్లు చెప్తూనే తొడ, పక్కటెముకలు, నల్లి ఎముకలు అన్నీ కలిపి కిలో కొట్టించుకొచ్చారు, కొవ్వు కొంచెం ఉంచమని మరీ చెప్తారు. దుబాయ్‌లో అయితే ఇండియన్ మటన్, పాకిస్తానీ మటన్, ఆస్ట్రేలియన్ లాంబ్ అని విడివిడిగా అమ్ముతారు, లాంబ్ తొందరగా ఉడికిపోద్ది గానీ ఆ కొవ్వు వాసన మేక మాంసం తినే నోటికి పట్టదు, నా ఒపీనియన్ అంతే.

ముక్కలకి పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట పక్కన పెట్టేశాం. ఆవనూనె పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించి, సగానికి కోసిన బంగాళాదుంపల్ని ఎర్రగా వేయించి తీసేయాలి, అది ఒడియా వాళ్ళ మాంసం పద్ధతి, మా ఇంట్లో ఆలు లేకపోతే పిల్లలు కంచం దగ్గరికే రారు. అదే నూనెలో దాల్చినచెక్క, యాలకులు, బిర్యానీ ఆకు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, రంగు కోసం చిటికెడు పంచదార.

ఇక అసలు పని ఇక్కడే అండీ. మటన్ వేశాక చుక్క నీళ్ళు పోయకూడదు, మాంసంలో ఉన్న నీరే బయటికొస్తుంది, అదంతా ఇగిరిపోయి నూనె అంచులకి తేలి ముక్క రంగు మారేదాకా కలుపుతూనే ఉండాలి, ఇరవై నిమిషాలు పైనే పడుతుంది, చాలామంది ఓపిక లేక ముందే నీళ్ళు పోసి కుక్కర్ మూత పెట్టేస్తారు, తర్వాత రుచి రాలేదని ప్యాకెట్ మసాలాలు గుమ్మరిస్తారు. నేను వీడియో తీస్తూ నిలబడితే అమ్మ ఊరుకోదుగా, "ఏటే, కెమెరా కలుపుతాదేటి కూర? గరిట పట్టుకో" అంది.

నూనె తేలాకే కారం, వేయించి దంచిన ధనియాలు, జీలకర్ర వెయ్యాలి. టమాటా వెయ్యం. తర్వాత గసగసాలు, కొబ్బరి నూరిన ముద్ద, ఇది మన తెలుగు వైపు చెయ్యి. గల్ఫ్‌లో ఉండేవాళ్ళు జాగ్రత్త అండీ, యూఏఈలో గసగసాలు నిషేధం, ఊరి నుంచి మసాలా డబ్బా పట్టుకెళ్తుంటే అందులో అవి లేవని రెండుసార్లు చూసుకోండి, ఇంట్లో తినే వస్తువే కదా అంటే అక్కడ వినరు, కేసవుతుంది. నేనక్కడ నానబెట్టిన జీడిపప్పు నూరి వేస్తా, చిక్కదనం వస్తుంది, ఆ కమ్మదనం మాత్రం రాదు.

ఇప్పుడు వేడినీళ్ళు పోసి, చన్నీళ్ళు కాదు, కుక్కర్‌లో నాలుగైదు విజిల్స్, ముదురు మాంసమైతే ఇంకో రెండు. ఆలు మూత తీశాకే వేసి పది నిమిషాలు మరిగించాలి, ముందే వేస్తే పులుసులో కరిగిపోతాయి. అమ్మకి అన్నంలోకి జారుగా ఉండాలి, వదినకేమో దగ్గరగా కావాలి, అందుకని సగం వేరే గిన్నెలోకి తీసి తను ఇంకా ఇగరబెట్టుకుంటోంది. నాన్న అప్పుడే కంచం ముందు కూర్చుని నల్లి ఎముకలు ఎవరికీ పెట్టకండి అంటున్నారు, కెమెరా ఆపేస్తున్నానండీ, లేదంటే నాకేం మిగలదు.