కొండ ఎవరిది, లిఫ్టు ఎవరిది? స్కీ రిసార్టుల అమ్మకాలు, మూసివేతలు

సభకు నమస్కారం.

మంచు వాలుల మీద జారే ఆటకు కేంద్రమైన ఒక స్కీ రిసార్టు మూతపడిందనగానే మంచు తగ్గడమే కారణమని అందరూ అంటారు. తక్కువ ఎత్తు కొండల మీద చలికాలం కుదించుకుపోతోంది, కృత్రిమ మంచు తయారీకి నీటి ఖర్చు, కరెంటు ఖర్చు భారమవుతున్నాయి, ఇవేవీ కాదనలేము. అయినా ఒకే చలికాలాన్ని చూసిన రెండు కొండల్లో ఒకటి నిలిచి మరొకటి మూతపడడానికి కారణం వెతికితే, నేల ఎవరిది, స్కీయర్లను కొండపైకి చేర్చే లిఫ్టులు ఎవరివి, అప్పు ఎవరి నెత్తిన ఉంది అన్న ప్రశ్నల దగ్గరకే రావలసి వస్తుంది.

అమెరికాలో యూటా రాష్ట్రంలోని పార్క్ సిటీ సంగతి చూడండి. అక్కడ రిసార్టు నడిపిన పౌడర్ సంస్థకు కొండ పైభాగం సొంతం కాదు, లీజు మాత్రమే. 2011లో ఆ లీజును పొడిగించుకునే లేఖ గడువు దాటి కొద్ది రోజుల ఆలస్యంగా అందింది. లీజు ముగిసిపోయిందని భూయజమాని టాలిస్కర్ వాదించింది, వ్యవహారం కోర్టుకెక్కింది. ఈలోగా 2013లో పక్కనున్న కాన్యన్స్ రిసార్టును వేల్ రిసార్ట్స్ అనే పెద్ద స్కీ సంస్థ దీర్ఘకాలిక లీజుకు తీసుకుని ఈ వివాదంలోకి ప్రవేశించింది. కొండ దిగువన ఉన్న స్థలం, పార్కింగు మాత్రం పౌడర్ సొంతం. పైన వాలులు ఒకరివి, అక్కడికి చేరే దారి మరొకరిది కావడంతో ఎవరికి వారు రిసార్టు నడపలేని స్థితి ఏర్పడింది. చివరికి 2014లో 18.25 కోట్ల డాలర్లకు పౌడర్ తన వాటాను వేల్‌కు అమ్మి తప్పుకుంది. ఊరి బతుకుతెరువంతా ఆధారపడిన కొండ భవిష్యత్తు ఇలా ఒక్క లేఖ ఆలస్యం కావడంతో తారుమారైతే, ఆ ఊరివారికి అందులో చెప్పుకోదగిన పాత్రే లేకపోయింది.

పెద్ద సంస్థల వల్ల మేలు లేదని నేను అనను. 2008లో వేల్ ప్రారంభించిన ఎపిక్ పాస్, 2018లో ఆల్టెర్రా అనే మరో పెద్ద స్కీ సంస్థ తెచ్చిన ఐకాన్ పాస్, అంటే పలు రిసార్టుల్లో చెల్లే ముందస్తు సీజను టికెట్లు, సీజను మొదలుకాకముందే డబ్బు చేతికందేలా చేశాయి. మంచు పడని ఏడాదిని తట్టుకునే బలం దీనివల్లే వచ్చింది. కానీ నిర్ణయాలు మాత్రం కొండకు దూరమయ్యాయి. 2024 డిసెంబరు చివర, సెలవుల రద్దీ మధ్యలో, పార్క్ సిటీలో వాలుల భద్రత చూసే స్కీ పెట్రోల్ సిబ్బంది జీతాల కోసం సమ్మెకు దిగి దాదాపు రెండు వారాలు కొనసాగించారు. తెరవగలిగిన వాలులు తగ్గిపోయాయి, లిఫ్టుల దగ్గర క్యూలు పెరిగాయి.

వెర్మాంట్ రాష్ట్రంలోని అస్కట్నీ రిసార్టు 2010లో మూతపడింది. దాని లిఫ్టులు విడివిడిగా అమ్ముడుపోయాయి. వెస్ట్ విండ్సర్ పట్టణవాసులు అక్కడితో ఊరుకోలేదు. భూ సంరక్షణ సంస్థ ఒకటి తోడు రాగా ఆ నేలను పట్టణం పేరిట కొనుక్కున్నారు. ఇప్పుడు లాభాపేక్ష లేని సంఘం ఒకటి, ప్రధానంగా స్వచ్ఛంద సేవకులతో, ఒక తాడు లిఫ్టును, స్కీయర్లను పైకి లాగే T ఆకారపు కడ్డీలున్న చిన్న టీ-బార్ లిఫ్టును నడుపుతోంది. స్థాయి తగ్గినా కొండ బతికింది. అదే రాష్ట్రంలో మ్యాడ్ రివర్ గ్లెన్‌ను 1995లో స్కీయర్లే సహకార సంఘంగా ఏర్పడి కొన్నారు; 1948 నాటి ఒంటి కుర్చీ లిఫ్టును వారు పునరుద్ధరించుకున్నారు.

మూసివేత కూడా ఒక్కోసారి సరైన నిర్ణయమే. ఫ్రాన్సు ఆల్ప్స్‌లో సేన్ పట్టణానికి చెందిన లె గ్రాన్ ప్యుయి రిసార్టు నష్టాలను పట్టణ ఖజానా మోస్తూ వచ్చింది. 2024 అక్టోబరులో పట్టణవాసులను ఓటు అడిగినప్పుడు దాదాపు 71 శాతం మంది మూసేయమన్నారు. నష్టం మోసేవారే నిర్ణయించడం నాకు ఎంతో న్యాయంగా తోస్తుంది.

మూసిన తర్వాత లిఫ్టుల ఇనుప స్తంభాలు మిగులుతాయి. కొత్తగా కట్టే లిఫ్టులు శాశ్వతంగా ఆగిపోతే మూడేళ్లలో విప్పి తీసేయాలని ఫ్రాన్సు 2016లో చట్టం చేసింది, కానీ అంతకుముందు కట్టినవాటికి అది వర్తించదు. అందుకే ఏ రిసార్టు చేతులు మారినా, ఆ స్తంభాలను విప్పే ఖర్చును ఎవరు భరిస్తారో అమ్మకపు పత్రంలోనే రాయించుకోవాలని స్థానిక సంస్థలను కోరుతున్నాను.