నవంబర్ 19

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ నవంబర్ 19. పొద్దున్నే మా మేనత్తకు ఫోన్ చేశాను. ఏటా ఈ రోజు చేస్తాను. నాగాయలంక దగ్గర ఒక పల్లెలో ఉంటారు ఆవిడ. విజయవాడ నుంచి కరకట్ట మీదుగా వెళితే రెండు గంటల పైచిలుకు దారి. "కోతలు మొదలయ్యాయా అత్తయ్యా?" అన్నాను. "ఎక్కడరా, ఇంకా మబ్బు చూసుకుంటున్నాం" అన్నారు. అసలు సంగతి నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఈ తారీఖున ఎందుకు ఫోన్ చేస్తానో ఇద్దరికీ తెలుసు.

చిన్నప్పుడు నవంబర్ 19 అంటే మా ఇంటి తారీఖు అనుకునేవాణ్ని. పెద్దయ్యాక పుస్తకాలు తిరగేస్తే ప్రపంచంలో చాలామందికి ఇది సొంత తారీఖేనని తెలిసింది. ఝాన్సీ లక్ష్మీబాయి కాశీలో పుట్టింది 1828లో ఈ రోజునే అని ఎక్కువమంది చెబుతారు. ఇందిరాగాంధీ 1917లో అలహాబాదులో పుట్టిందీ ఈ రోజే. ఇక 2023లో అహ్మదాబాద్‌లో ప్రపంచ కప్ ఫైనల్. వరసగా పది మ్యాచ్‌లు గెలిచి, ఆఖరి మెట్టు మీద ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయాం. ఆ రాత్రి మా వీధిలో ఒక్క టపాకాయ పేలలేదు.

మాట్లాడటమే పనిగా పెట్టుకున్న నాలాంటివాడికి 1863 నాటి నవంబర్ 19 ప్రత్యేకంగా గుర్తుంటుంది. అమెరికాలో అంతర్యుద్ధం సాగుతోంది. గెటిస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర జులైలో మూడు రోజులు ఘోరమైన పోరు జరిగింది. చనిపోయిన సైనికుల శ్మశానాన్ని అంకితం చేసే సభ ఈ రోజున పెట్టారు. ముఖ్య వక్త ఎడ్వర్డ్ ఎవరెట్, ఆ కాలంలో పేరుమోసిన ఉపన్యాసకుడు. రెండు గంటలు మాట్లాడారు. తర్వాత అధ్యక్షుడు లింకన్ లేచి రెండు మూడు నిమిషాల్లో ముగించారు. ఇంగ్లీషులో మూడు వందల మాటలు కూడా ఉండవు. ఇక్కడ మనం చెప్పేవి లోకం పెద్దగా పట్టించుకోదు, ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోదు అని ఆ ప్రసంగంలోనే అన్నారాయన. లోకం ఆ ప్రసంగాన్నే గుర్తుపెట్టుకుంది. మర్నాడు ఎవరెట్ స్వయంగా లింకన్‌కు ఉత్తరం రాశారు. మీరు రెండు నిమిషాల్లో పట్టుకున్న అసలు విషయానికి నేను రెండు గంటల్లో దగ్గరగా వెళ్లగలిగినా సంతోషించేవాణ్ని అని. ఆ ఉత్తరం రాసిన ఎవరెట్ అన్నా నాకు గౌరవమే.

1969 నవంబర్ 19. ఒకే రోజున రెండు సంగతులు, ఒకటి చంద్రుడి మీద, ఒకటి బ్రెజిల్‌లో.

మన గడియారం ప్రకారం మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో అపోలో 12 చంద్రుడి మీద దిగింది. మనిషి అక్కడ దిగడం అది రెండోసారి. పీట్ కాన్రాడ్, అలన్ బీన్ దిగారు. రిచర్డ్ గోర్డన్ పైన చంద్రుడి చుట్టూ తిరుగుతూ ఉండిపోయారు. రెండున్నరేళ్ల ముందు పంపిన సర్వేయర్ 3 అనే యంత్రం అక్కడ ఉంది. సరిగ్గా దాని పక్కకే, రెండు వందల మీటర్లలోపే దిగగలిగారు. వాళ్లు దిగిన చోటికి ఖగోళ శాస్త్రవేత్తలు ఎప్పుడో పెట్టిన పేరు 'తుఫానుల సముద్రం'. చుక్క నీరు లేదు, గాలి లేదు, పేరు మాత్రం అది. ఆ పేరు చదివిన ప్రతిసారీ నాకు మా అత్తయ్య గుర్తొస్తారు.

రేడియోవాళ్లు మరిచిపోలేని విషయం ఇంకొకటి ఉంది. బీన్ తన చేతిలోని టీవీ కెమెరాను జరుపుతూ పొరపాటున సూర్యుడి వైపు తిప్పారు. ఆ వెలుగుకు కెమెరా పాడైపోయింది. ఇక అక్కణ్నుంచి బొమ్మ లేదు. చంద్రుడి మీద ఇద్దరు మనుషులు నడుస్తుంటే లోకమంతా వాళ్ల మాటలు వింటూ ఊహించుకుంది.

అదే రోజు రాత్రి రియో డి జనీరోలో మరకానా స్టేడియం. శాంటోస్ జట్టు తరఫున పీలే పెనాల్టీ కొట్టారు. అది ఆయన వెయ్యో గోల్. జనం మైదానంలోకి దూసుకొచ్చారు. మైకులు ముందుకు పెడితే పీలే తన గురించి మాట్లాడలేదు, పేద పిల్లల్ని పట్టించుకోండి అని అడిగారు.

ఇప్పుడు 1977కు వస్తాను. ఆ రోజు శనివారం, కార్తీక మాసం. మార్చి ఎన్నికల్లో ఓడి అధికారం పోయిన ఇందిరాగాంధీకి సరిగ్గా ఆ రోజే అరవై నిండాయి. పశ్చిమాసియాలో అంతకంటే పెద్ద సంగతి. నాలుగేళ్ల కింద యుద్ధం చేసుకున్న దేశానికి ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్ విమానంలో వెళ్లారు. ఒక అరబ్బు నాయకుడు ఇజ్రాయెల్ గడ్డ మీద అధికారికంగా కాలుపెట్టడం అదే మొదలు. ఆయన విమానం దిగేసరికి మనకు అర్ధరాత్రి కావస్తోంది. లోకంలో కెమెరాలన్నీ అటే తిరిగి ఉన్నాయి.

ఆ అర్ధరాత్రి దివిసీమలో మా అత్తయ్య తుమ్మచెట్టు మీద ఉంది.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై సముద్రంలో కలుస్తుంది కదా, ఆ పాయల మధ్య లంకే దివిసీమ. నేల బల్లపరుపుగా ఉంటుంది, తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. బలమైన తుఫాను నీటిని అటు నెట్టుకొస్తే ఆ నీరు పోవడానికి దారి ఉండదు, లేచి ఊళ్ల మీద పడుతుంది. దాన్నే మనవాళ్లు ఉప్పెన అన్నారు. ఈ తీరానికి అది కొత్త కాదు. 1864 నవంబర్ 1న బందరును ముంచిన ఉప్పెనలో 30 వేల మంది దాకా పోయారంటారు.

"గాలీవానా అంటే మాకు తెలుసు. సముద్రం లేచి వస్తుందని మాత్రం ఎవరం అనుకోలేదు" అంటుంది అత్తయ్య. అప్పటికి ఆవిడకు పెళ్లయి ఏడాది. పొద్దుటి నుంచీ ఈదురుగాలి. మధ్యాహ్నం దాటాక నల్లటి గోడలా నీళ్లు వచ్చాయి. దాదాపు ఐదు మీటర్ల ఎత్తు, పెంకుటింటి కప్పు మునిగేంత. మామయ్య ఆవిణ్ని తుమ్మచెట్టు ఎక్కించి, తన పంచెతో కొమ్మకు కట్టేశాడు. ముళ్లు దిగుతున్నా పట్టు వదల్లేదు. తెల్లవారితే కోతకొచ్చిన వరి అంతా బురద కింద. పశువుల కళేబరాలు. వాళ్ల అత్తగారు దొరకలేదు. బావిలో ఉప్పునీళ్లు. పడిపోయిన చెట్ల కింద కొబ్బరిబోండాలు ఏరుకుని, కొడవలి కూడా లేక రాయికేసి కొట్టుకుని, రెండు రోజులు ఆ నీళ్లే తాగారు. ఆవిడ అరచేతుల్లో ఆ ముళ్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెడుతుంటే వాటినే చూస్తుండేవాణ్ని.

సొర్లగొంది, మూలపాలెం లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది చనిపోయారు. ఊరివాళ్లు చెప్పే లెక్క ఇంకా పెద్దది. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు సహాయ పనుల్లో రాత్రింబవళ్లు తిరిగారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు పోగుచేశారు.

ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు, ముందే జనాన్ని తరలించడం అలవాటైంది. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఆసారి పోయినవాళ్లు 967 మంది. అదీ తక్కువేం కాదు. కానీ పక్కన 1977 లెక్క పెట్టి చూడండి. ఎన్ని వేల ఇళ్లలో దీపం నిలిచిందో తెలుస్తుంది. ఆ వారం రేడియోలో గంటగంటకూ హెచ్చరికలు చదివినవాళ్లకు ఈ మైకు ముందు కూర్చుని నేను చేతులెత్తి మొక్కుతున్నాను.

ఉప్పెన వచ్చి సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1997 నవంబర్ 19న, కర్నాల్ అమ్మాయి కల్పనా చావ్లా కొలంబియా షటిల్‌లో మొదటిసారి అంతరిక్షానికి వెళ్లింది. ఆ వార్త వచ్చినప్పుడు నేను అత్తయ్య దగ్గరే ఉన్నాను. "ఆడపిల్ల అంత పైకెళ్లిందా" అని ఎంత మురిసిపోయిందో! ఐదేళ్ల తర్వాత అదే షటిల్‌లో కల్పన పోయిన రోజు ఆవిడ అన్నం ముట్టలేదు.

ఇవాళ్టి ఫోన్ సంగతి పూర్తిగా చెప్పలేదు. కోతల గురించి, మోకాలి నొప్పుల గురించి, మనవడి ఇంజనీరింగ్ గురించి మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయారు. "ఉండు ఉండు, వాతావరణం చెబుతున్నారు" అన్నారు. ఆ సమయంలో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, గిన్నె చప్పుడు కూడా కాకూడదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నేనూ ఊరుకున్నాను. అవతల ట్రాన్సిస్టర్‌లోంచి మన వార్తలే వస్తున్నాయి. బంగాళాఖాతంలో ఏమీ లేదు, కోస్తాలో పొడి వాతావరణం.

"సరేరా, ఇక చెప్పు" అన్నారు అత్తయ్య.