ఒకటి తీస్తే రెండోది తెరుచుకోకూడదా? వియా ఫెర్రాటా కారబైనర్లపై చర్చ

జర్మనీలోని తెలుగువాళ్ల కోసం నడిచే ఒక వీడియో ఛానెల్‌లో జరిగిన చర్చ ఇది. త్సుగ్‌స్పిట్సె శిఖరానికి హోలెన్‌టాల్ దారిలో వెళ్తున్న ఒక తెలుగు కుర్రాడు తనను ఉక్కు తాడుకు పట్టి ఉంచే రెండు కారబైనర్లూ (తెరిచి మూసే లోహపు కొక్కేలు) ఒకేసారి తీసేసి, ఉత్త చేతులతో మేకు దాటిన పదకొండు సెకన్ల వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కుర్రాడికి ఏమీ కాలేదు. చర్చ మాత్రం ఆగలేదు. మాటలు కలిసిపోయిన చోట అలాగే ఉంచాం.

యాంకర్: నమస్కారం. ఆ వీడియో చూస్తుంటే నా అరచేతులకు చెమట పట్టింది. నిజామాబాద్‌లో ఉన్న మా అమ్మకు కూడా ఎవరో పంపారు. "నువ్వూ ఇట్లాంటి చోట్లకే పోతున్నవా" అని రాత్రి పన్నెండింటికి ఫోన్. అందుకే ఇవాళ అడిగేది ఒక్కటే. ఇంటి దగ్గరున్న అమ్మకు ఏం చెప్పాలి? ఒకటి తెరిస్తే రెండోది బిగుసుకుపోయే కారబైనర్లను తప్పనిసరి చేయాలా, వద్దా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. మేడమ్, తెలియనివాళ్ల కోసం ముందు మీరు చెప్పండి, వియా ఫెర్రాటా అంటే ఏంటి?

నిర్వాహకురాలు (మ్యూనిక్‌లో ట్రెక్కింగ్ గ్రూపు నడుపుతారు): ఇటాలియన్‌లో ఇనుప దారి అని అర్థం. కొండ గోడకు మేకులు దిగ్గొట్టి వాటి మధ్య ఉక్కు తాడు బిగిస్తారు. అక్కడక్కడ నిచ్చెనలు, ఇనుప మెట్లు ఉంటాయి. మన నడుముకు హార్నెస్ అనే బెల్టు, దాని నుంచి రెండు పట్టీలు, ఒక్కో పట్టీ చివర ఒక కారబైనర్. రెండూ తాడుకే తగిలించి నడుస్తాం. మేకు దగ్గర మొదటిది తీసి అవతల తగిలించాలి. అది పడ్డాకే రెండోది తీయాలి. హోలెన్‌టాల్‌లో బ్రెట్ అనే చోట నున్నటి బండకు అడ్డంగా ఇనుప కడ్డీలే దారి, కింద ఖాళీ. అక్కడ మనిషి మనసు...

ఇంజినీరు (యంత్ర భాగాల డిజైనర్): మేడమ్, ఒక్క నిమిషం. అసలు విషయం అక్కడే ఉంది. "అది పడ్డాకే రెండోది" అన్నారు కదా, ఆ మాట ఎవరు గుర్తుపెట్టుకోవాలి? భయపడుతున్న మనిషి. భయంలో ఉన్నవాడి బుర్ర మీద భారం పెట్టే డిజైన్ మంచి డిజైన్ కాదు. ఇదిగో, కెమెరా ఇటు తిప్పండి. (చేతిలో కారబైనర్ చూపిస్తూ) దీని వెన్ను మీద గుండ్రంలో కె అనే అక్షరం చెక్కి ఉంది. క్లెట్టర్‌స్టైగ్‌కు గుర్తు అది, వియా ఫెర్రాటాకు జర్మన్ పేరు. ఐరోపా ప్రమాణం ప్రకారం ఇది నిలువునా 25 కిలోన్యూటన్లు తట్టుకోవాలి. అంటే సుమారు రెండున్నర టన్నులు. మామూలు కారబైనర్‌కు 20 చాలు.

యాంకర్: అంటే విరగదు. అమ్మకు ఆ మాట చెప్పొచ్చా?

ఇంజినీరు: నిలువుగా లాగితే విరగదు. కానీ వియా ఫెర్రాటాలో పడితే ఏమవుతుంది? కారబైనర్ తాడు వెంట జారుకుంటూ కింది మేకు దాకా పోయి అక్కడ కొట్టుకుంటుంది. రెండు మేకుల మధ్య నాలుగైదు మీటర్లు ఉండొచ్చు, పట్టీ మీటరు. పట్టీ పొడవుకు ఐదు రెట్లు పడ్డట్టు. మామూలు రాక్ క్లైంబింగ్‌లో అది రెండు దాటదు. కారబైనర్ ఆ మేకుకు అడ్డంగా ఆనుకుంటే గడ్డపారతో పెకలించినట్టు కారబైనర్ మెడ మీద పడుతుంది బలం. అందుకే తాడు ఉండే కొస వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. పట్టీ ఉండే కొసలో ఈ రబ్బరు ముక్క చూశారా? కారబైనర్ అడ్డం తిరగకుండా ఇదే పట్టుకుంటుంది. ఇది ఊడిపోయిందని పారేసి, అలాగే వాడేవాళ్లను నేను చూశాను! బలం అడ్డంగా పడితే తట్టుకోవాలని ప్రమాణం అడిగేది 7 కిలోన్యూటన్లే.

శిక్షకుడు (భువనగిరి నుంచి వీడియో లింకులో): తమ్ముడూ, ఆ రబ్బరు సంగతి మంచిగ చెప్పినవ్. కానీ ఆ పిల్లగాడి...

ఇంజినీరు: అన్నా, పూర్తి చేయనివ్వండి. లాక్ చూడండి. వెనకాల ఈ బటన్ అరచేతి కింద పడుతుంది. దాన్ని నొక్కుతూ వేళ్లతో గేట్‌ను, అంటే తెరుచుకునే ఈ కడ్డీని, లోపలికి తోయాలి. రెండు పనులూ ఒకేసారి జరిగితేనే తెరుచుకుంటుంది. వదిలేస్తే స్ప్రింగు దానంతట అదే మూసేస్తుంది. (టక్‌మని శబ్దం) విన్నారా? మరతిప్పే స్క్రూ గేట్ అయితే తిప్పడం మర్చిపోతాం. ఇందులో మర్చిపోయే పని తీసేశారు. కానీ అంత సులువుగా తెరుచుకుంటుంది కాబట్టే రెండు చేతులతో రెండూ ఒకేసారి తీయొచ్చు. ఆ కుర్రాడు చేసింది అదే!

యాంకర్: అంటే తప్పు పిల్లాడిది కాదు, కారబైనర్‌ది.

నిర్వాహకురాలు: అలా అనకండి. ఆ వీడియో నేను ఇరవై సార్లు చూశాను. అతని వెనక అదే రెండు మేకుల మధ్య ఇంకో ఇద్దరు ఉన్నారు. రెండు మేకుల మధ్య ఒక్కరే ఉండాలి. పైవాడు పడితే కిందివాడి మీదే పడతాడు. వెనక నుంచి ఎవరో తొందర పెడుతున్నట్టు వినిపిస్తుంది. అతని మోచేతి కింద కండ వణుకుతోంది...

ఇంజినీరు: సరిగ్గా! చేయి వణుకుతోంది. వణికే చేతికి జాగ్రత్తలు చెప్పి ఏం లాభం? అడ్వెంచర్ పార్కుల్లో, చెట్ల మధ్య తాళ్ల మీద పిల్లల్ని నడిపించే చోట, ఈ సమస్యకు పరిష్కారం ఎప్పుడో వచ్చింది. రెండు పట్టీల లోపల సన్నటి కేబుల్ ఉంటుంది, సైకిల్ బ్రేకు తీగలాగా. ఒకటి తెరిచి ఉన్నంతసేపు రెండోది బిగుసుకుని ఉంటుంది. పదేళ్ల పిల్లాడికి పార్కులో ఇచ్చే రక్షణ ఇరవై రెండేళ్లవాడికి కొండ మీద ఎందుకు ఇవ్వరు?

యాంకర్: అమ్మలంతా ఇదే అడుగుతారు! ఎందుకు ఇవ్వరు?

శిక్షకుడు: నేను చెప్తా. పార్కుల తాడు మందం ఒకటే, మేకు ఆకారం ఒకటే. పొద్దున్నే మనిషి ఎక్కి అన్నీ చూసుకుంటడు. కొండ మీద అట్ల ఉండదు. ఒక మేకు పాతది, ఒకటి కొత్తది, ఒకటి వంగింది. ఇసుక పడతది, వాన పడతది, రాత్రికి గడ్డకడతది. ఆ సన్న కేబుల్ జామ్ అయితే రెండో కారబైనర్ తెరుచుకోదు. బ్రెట్ నడుమ మనిషి ఇరుక్కుంటడు. అప్పుడు ఏం చేస్తడు? హార్నెస్ విప్పుతడా?

ఇంజినీరు: జామ్ అయ్యే డిజైన్ తప్పు. దానికి విడుదల మార్గం పెట్టొచ్చు, టూల్‌తో...

శిక్షకుడు: టూల్ ఎవరి దగ్గర ఉంటది? ఇంకొకటి, మూసి ఉండుడు వేరు, తగిలి...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. లింకు ఆలస్యం వల్ల శిక్షకుడి మాట ప్రసారంలో సరిగ్గా వినపడలేదు. రికార్డింగ్‌లో దొరికింది. చర్చ మొత్తంలో నాకు ముఖ్యమనిపించిన మాట ఇదే కాబట్టి పూర్తిగా రాస్తున్నాను: "మూసి ఉండుడు వేరు, తాడుకు తగిలి ఉండుడు వేరు. గాలిల మూసుకున్నా యంత్రం దృష్టిల అది మూసినట్టే. అప్పుడు రెండోదాన్ని వదిలేస్తది.")

ఇంజినీరు: ...పరీక్షలు అందుకే ఉన్నాయి! 2017లో షాక్ పీల్చే పట్టీల ప్రమాణం మార్చారు. ఇప్పుడు 40 కిలోల బరువుతో, 120 కిలోల బరువుతో రెండు పరీక్షలు. 40 కిలోల మనిషి మీద 3.5 కిలోన్యూటన్లు దాటకూడదు, 120 కిలోలకు 6 దాటకూడదు. పడ్డప్పుడు పట్టీల మొదట్లో ఉండే చిన్న సంచీలోని కుట్లు వరసగా తెగుతూ ఆ దెబ్బను మింగుతాయి. అంత ఆలోచించినవాళ్లు లాక్ విషయంలో...

యాంకర్: 40 కిలోల కన్నా తక్కువ ఉంటే? పిల్లలు?

నిర్వాహకురాలు: అది ముఖ్యం. 40 కిలోల లోపు పిల్లల్ని పెద్దవాళ్లు పైనుంచి తాడుతో పట్టుకోవాలి. ఆ పట్టీలు, కారబైనర్ల సెట్టు ఒక్కటే సరిపోదు. మా గ్రూపులో ఒకాయన ఎనిమిదేళ్ల పాపను తెస్తానంటే వద్దన్నాను. ఆయన నాతో నెల రోజులు మాట్లాడలేదు.

యాంకర్: చూశారా, తల్లి మనసు. అన్నట్టు, ఈ దారులు యుద్ధం కోసం వేశారని విన్నాను, నిజమేనా?

నిర్వాహకురాలు: కొన్ని. 1915లో ఇటలీ యుద్ధంలోకి దిగాక డోలమైట్స్ పర్వతాల్లో ఇటలీ సైనికులు, ఆస్ట్రియా సైనికులు ఎదురెదురు శిఖరాల మీద ఉన్నారు. మందుగుండు, తిండి పైకి చేర్చడానికి తాళ్లు, నిచ్చెనలు బిగించారు. కానీ ఆస్ట్రియాలో డాఖ్‌స్టైన్ మీద 1843లోనే ఇనుప కొక్కేలు, తాళ్లు పెట్టారు.

ఇంజినీరు: ఆ సైనికులకు కారబైనర్ల జత ఎక్కడిది? చేతులే. ఇన్నేళ్ల తర్వాత ఆ వీడియోలో ఏం చూశాం? చేతులే!

యాంకర్: అబ్బ, బాగా చెప్పారు. మాస్టారూ, మీరు భువనగిరిలో నేర్పిస్తారు. మాలావత్ పూర్ణ శిక్షణ మొదలుపెట్టింది ఆ బండ మీదే కదా?

శిక్షకుడు: అవును. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, ఇంకా పద్నాలుగు నిండలేదు. టిబెట్ వైపు నుంచి పోయింది. అక్కడ కూడా కట్టిన తాళ్లే. జూమర్ ఒకటి, అంటే తాడు మీద పైకే జరిగే పట్టు, సేఫ్టీ కారబైనర్ ఒకటి. ముడి వచ్చినప్పుడు ఒకటి అవతల పడ్డాకనే ఇంకోటి తీయాలి. అదే పద్ధతి. మేము నేల మీద, మోకాలి ఎత్తుల తాడు కట్టి, కళ్లు మూసుకుని మార్చమంటం. వంద సార్లు. చేతికి అలవాటు కావాలె, బుర్రకు కాదు. ఆ పిల్లగానికి సెట్టు అద్దెకిచ్చినోళ్లు పది నిమిషాలన్న...

ఇంజినీరు: అన్నా, మీ దగ్గర నెలల శిక్షణ. ఇక్కడ శుక్రవారం సాయంత్రం సెట్టు అద్దెకు తీసుకుని శనివారం పొద్దున కొండ కింద ఉంటారు. వాళ్లకు డిజైనే గురువు. నేను మళ్లీ చెబుతున్నా, ఒకటి తెరిస్తే రెండోది తెరుచుకోకూడదు. అంతే.

శిక్షకుడు: 2012 సంగతి గుర్తుందా? ఆగస్టులో ఆస్ట్రియా టిరోల్‌ల ఒక మనిషి పడితే రెండు పట్టీలూ తెగినయ్. ప్రాణం పోయింది. సాగే రబ్బరు దారం ఉన్న పట్టీలు వాడగా వాడగా లోపల అరిగి ఉండె. తర్వాత చాలా సెట్లు వెనక్కి పిలిచిండ్రు. 2013ల ఇంకో రకం కూడా. ఎందుకు చెప్తున్ననంటే, సౌకర్యం కోసం లోపల ఏదో చేర్చినప్పుడల్లా పాడయ్యేది ఇంకోటి చేర్చినట్టే. పట్టీల లోపల కేబుల్ అంటే నాకు అదే యాదికొస్తది.

(రెండు సెకన్ల మౌనం)

ఇంజినీరు: మంచి ఉదాహరణ. కానీ అది నా వైపు ఉదాహరణ! దాని తర్వాతే పట్టీలను వేల సార్లు సాగదీసి పరీక్షించడం ప్రమాణంలోకి వచ్చింది. తప్పు జరిగితే డిజైన్ మెరుగుపడుతుంది. మనుషులను మార్చలేం, కారబైనర్‌ను మార్చగలం.

నిర్వాహకురాలు: మార్చండి, కానీ వాడేవాళ్లను కూడా అడగండి. నలభయ్యో మేకు దాకా వచ్చేసరికి బొటనవేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది. మా అమ్మాయిల్లో కొందరికి చెయ్యి చిన్నది. గ్లవ్ వేసుకుంటే ఆ వెనక బటన్ మీదికి అరచెయ్యి సరిగ్గా చేరదు. లాక్ తీయడానికి అవస్థ పడేకొద్దీ తాడును పట్టుకున్న చెయ్యి అలసిపోతుంది. ఇక్కడ కొండ రక్షక దళాలు ఎక్కువగా దించేది పడినవాళ్లను కాదు, శక్తి అయిపోయి, ముందుకూ వెనక్కూ కదల్లేక నిలిచిపోయినవాళ్లను. ఆగి ఊపిరి తీసుకోవడానికి పొట్టి పట్టీ, ఇంకో కారబైనర్ ఉండాలి. దాన్ని ఇనుప మెట్టుకు తగిలించి కూర్చోవచ్చు. ఆ కుర్రాడి హార్నెస్‌కు అది లేదు. మీరు చెప్పే జతకు దాన్ని ఎలా...

ఇంజినీరు: అది వేరే అంశం మేడమ్.

నిర్వాహకురాలు: వేరే కాదండీ. అతను రెండూ ఎందుకు తీశాడు? అలసిపోయి, తొందరగా...

ఇంజినీరు: ఎందుకైనా తీయనివ్వండి! తెరుచుకోకపోతే తీయలేడు కదా!

యాంకర్: ఈ మాట గట్టిగా ఉంది. సమయం అయిపోతోంది. అవును, కాదు, ఒక్క ముక్కలో. తప్పనిసరి చేయాలా? అమ్మకు ఏం చెప్పాలి?

ఇంజినీరు: అవును. వందసార్లు అవును. అమ్మా, మీ పిల్లవాడి చేతిలో తెరుచుకోని కారబైనర్ పెట్టే రోజు వస్తుంది. అంతవరకు ఈ పాత జత వాడేటప్పుడు ఆ రబ్బరు ముక్క ఉందో లేదో చూసుకోమనండి. ఉక్కు తాడుకు రాసుకుని అల్యూమినియంలో గాడి పడిందేమో వేలు పెట్టి చూడమనండి. వేలికి అంచు తగిలితే అది మార్చాలి.

యాంకర్: మేడమ్?

నిర్వాహకురాలు: నేను అవును, కాదు అనలేను. కొత్తవాళ్లకు అద్దెకిచ్చే సెట్లలో ముందు పరీక్షించి చూడొచ్చు. కానీ...

యాంకర్: అంటే సగం అవును. మాస్టారూ?

శిక్షకుడు: కాదు. తాడు లోపల ఉన్నదా లేదా అని కనిపెట్టేది రానంతవరకు కాదు. నేను ఇందాక అన్న మాట మీకు వినపడలేదు అనుకుంట, మూసి ఉండుడు...

యాంకర్: లింకు కాస్త ఇబ్బంది పెడుతోంది. ఒకటిన్నర అవును, ఒక కాదు. ఎక్కువమంది మార్పు వైపే ఉన్నారు. ఇంజినీరు గారూ, వచ్చే వారం ఆ పార్కుల కారబైనర్ల జతను స్టూడియోకు తెస్తారా?

ఇంజినీరు: తెస్తాను. ఇక్కడే టేబుల్‌కు తాడు కట్టి చూపిస్తాను.

నిర్వాహకురాలు: తాడు కట్టేటప్పుడు మధ్యలో మేకు కూడా పెట్టండి. గ్లవ్స్ నేను తెస్తాను.

(యాంకర్ ధన్యవాదాలు చెబుతుండగా ప్రసారం ముగిసింది. రికార్డింగ్‌లో భువనగిరి వైపు తెర ఇంకా వెలుగుతోంది. శిక్షకుడు ఒక కారబైనర్‌ను కెమెరాకు దగ్గరగా పట్టుకుని, తాడు లేకుండానే గేట్ మూసి చూపిస్తున్నారు.)