ఉయ్యాలైపోయిన అర

హోస్ట్: నమస్కారం. ఈరోజు మా బడిలోంచే మాట్లాడుతున్నాం, మారతహళ్ళి, బెంగళూరు. వెనక పిల్లల గోల వినిపిస్తుంది, సర్దుకోండి. మా ఒకటో తరగతి గదికి అరలు చేస్తున్న కార్పెంటర్ అన్న నాతో ఉన్నారు. సొంతూరు హిందూపురం. అన్నా, ముందు మా పాత రాక్ సంగతి చెప్పేయండి, దాచడం దేనికి.

అన్న: (నవ్వు) దాన్ని చూసి ఉయ్యాల అనుకున్నా మేడం. మధ్యలో బొటనవేలంత దిగిపోయింది.

హోస్ట్: చేసినాయన "ఏనుగెక్కినా ఏం కాదు" అన్నాడు మరి!

అన్న: ప్లైవుడ్ మంచిదే, 18 ఎం.ఎం. కానీ నాలుగడుగుల పలకకి మధ్యలో ఆధారమే లేదు. మీరేమో లాంగ్ నోట్‌బుక్స్ దట్టించారు. అడుగు మేర పేరిస్తేనే పది కిలోలు.

హోస్ట్: సైన్స్ టీచర్ని కదా, ఇంటికెళ్ళి లెక్కేశా. అడుగుకి బరువు అంతే ఉండి, ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే పలక కుంగేది రెండు రెట్లు కాదు, 16 రెట్లు! అన్నకి చెబితే కనీసం ఆశ్చర్యపోలేదు.

అన్న: లెక్క నాకేం తెలుసు మేడం. రెండడుగులకో నిలువు పలక పెట్టమని మా నాయన చెప్పినాడు, పెడుతున్నా. ముందు అంచుకి ఒకటిన్నర అంగుళాల పట్టీ నిలువుగా కొడితే ఇంకా గట్టి.

హోస్ట్: మొత్తం చెక్కతోనే చేయొచ్చు కదా అని మా ప్రిన్సిపల్ గారు అడిగారు.

అన్న: వెడల్పు చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి వంగుతుంది. అరలకి ప్లై, పట్టీలకి సిల్వర్ ఓక్ చాలు. కొడగు కాఫీ తోటల్లో నీడకి పెంచుతారే, అదే. మైసూర్ రోడ్డు టింబర్ యార్డులో తెచ్చినా.

హోస్ట్: నేను లోతు 12 అంగుళాలని రాసిస్తే మీరు కొట్టేశారు.

అన్న: షీటు వెడల్పు నాలుగడుగులు. నాలుగు ముక్కలకి మూడు కోతలు. కోతకి 3 ఎం.ఎం. రంపమే తినేస్తుంది. పన్నెండు, పన్నెండు అని కోసుకుంటూ పోతే ఆఖరి ముక్క పొట్టిదవుతుంది. అందుకే పదకొండు ముప్పావు.

హోస్ట్: ఎత్తు కొలిచిన తీరు మాత్రం మర్చిపోలేను. టేపు పక్కన పెట్టి, ఒక పాపని గోడకి నిలబెట్టి చెయ్యెత్తమన్నారు.

అన్న: ఆ పాప మునివేళ్ళ మీద లేచింది! "మడమలు దించమ్మా" అని చెప్పి, వేళ్ళు అందిన చోటికి జానెడు కింద సుద్దతో గీసినా. పై అర అంతకంటే పైకి పోదు. అందకపోతే ఎక్కుతారు.

హోస్ట్: అందినా ఎక్కుతారన్నా, మా వాళ్ళ సంగతి మీకు తెలీదు.

అన్న: తెలుసు కాబట్టే పైన రెండు ఎల్ క్లాంపులు గోడకి బిగిస్తా. వెనక 6 ఎం.ఎం. ప్లై కొడతా, లేకుంటే పక్కకి ఊగుతుంది. కింద మూడంగుళాల కాళ్ళు, ఆయమ్మ రోజూ తడిగుడ్డ పెడుతుంది కదా, ప్లై అంచు నీళ్ళు పీలిస్తే పొరలు విడిపోతాయి.

హోస్ట్: మరి క్లాంపులు ఎప్పుడు బిగిస్తారు? రేపు యూనిట్ టెస్ట్.

అన్న: ఆదివారం వస్తా మేడం. డ్రిల్లు పెడితే పిల్లలంతా నా చుట్టూనే ఉంటారు. తాళం వాచ్‌మన్ దగ్గర పెట్టమనండి. అంతదాకా పుస్తకాలు కింది అరలోనే.