ఒకే వయోల్, మూడు గొంతులు

శ్రోతలకు నమస్కారం.

17వ శతాబ్దపు ఇంగ్లండులో వయోల్‌ను ఏ తోడూ లేకుండా ఒక్కరే వాయించే బాణీ ఒకటుండేది. దాన్ని లైరా వయోల్ అనేవారు. వయోల్‌కు ఆరు పేగు తీగలు. మోకాళ్ల మధ్య నిలబెట్టి కమానుతో వాయిస్తారు. మెడకు ఏడు మెట్లుంటాయి. వీణ మెట్లలా మైనంలో దిగినవి కావు, మెడ చుట్టూ బిగించి కట్టిన పేగు తీగలే. కాబట్టి శృతికి తగ్గట్టు కాస్త అటూ ఇటూ జరుపుకోవచ్చు.

టోబయాస్ హ్యూమ్ అనే సైనికుడు 1605లో లండన్‌లో వయోల్ రచనల సంపుటి ఒకటి అచ్చు వేయించాడు. లూట్ అనే, వేళ్లతో మీటే తీగ వాద్యం చేసే పనంతా వయోల్ కూడా చేయగలదని ఆయన వాదన. అందులో ఒక చోట కమాను కర్రతో తీగలను డోలులా కొట్టమని రాశాడు. ఆ రోజుల్లో అది కొత్తే.

ఈ రచనలను స్వరాల్లో కాక టాబ్లచర్‌లో, అంటే ఏ తీగ మీద ఏ మెట్టు దగ్గర వేలు పెట్టాలో చూపే లిపిలో రాసేవారు. ఆరు గీతలు ఆరు తీగలకు. గీత మీద ఎ ఉంటే వేలు పెట్టని తీగ, బి ఉంటే మొదటి మెట్టు, సి ఉంటే రెండోది. వేలు మెట్టుకు ఆనుకుని, కాస్త వెనక్కి పడాలి. దూరమైతే తీగ జిరజిరలాడుతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. పైన వేసిన లయ గుర్తు ఏ స్వరం ఎప్పుడు మొదలవుతుందో చెబుతుంది, ఎంతసేపు నిలవాలో చెప్పదు. మంద్ర తీగ మీద పెట్టిన వేలిని, తరువాతి అక్షరం రాగానే ఎత్తేస్తే ఆధారస్వరం అక్కడే తెగిపోతుంది. మూడు గొంతులు, అంటే ఒకేసారి సాగే మూడు వరసలు, వినపడాల్సిన చోట ఒంటి వరస మిగులుతుంది. చేతికి వేరే పని పడేవరకు వేలు ఎత్తకూడదు. 1659లో వయోల్ విద్వాంసుడు క్రిస్టఫర్ సింప్సన్ కూడా తన పాఠ్యగ్రంథంలో ఇదే నొక్కి చెప్పాడు.

కమానును అరచెయ్యి పైకి తిప్పి పట్టుకోవాలి. బొటనవేలు, చూపుడువేలు కర్ర మీద, నడిమివేలి కొన వెంట్రుకల మీద. బలం తోసేటప్పుడే ఎక్కువ, లాగేటప్పుడు కాదు. వయొలిన్ అలవాటున్నవారు తడబడేది ఇక్కడే. చాలా తీగలు కలిసి మోగాలంటే మంద్ర తీగను ముందు పట్టి, ఆ తరువాత పైకి దొర్లించాలి. ఒక్కసారిగా అదిమితే గరగరే వస్తుంది. కమాను పక్కపక్క తీగలనే కలుపుతుంది గనక, మధ్య తీగ అక్కర్లేకపోతే దాన్ని వేలితో ఆపాలి.

తీగలకు పెట్టే శృతులు కూడా ఒకటి కాదు, చాలా ఉన్నాయి. తీగ శృతి మార్చాక పేగు కాసేపు జారుతూనే ఉంటుంది. అందుకే ఒకే శృతిలో ఉన్న రచనలన్నీ వరసగా వాయించుకోవడం మేలు.